నాన్న ఫియట్‌లోని పాత రేడియో: లోపలిది తీసేయకుండా పాడించగలమా?

పెరంబూర్ ఫియట్ | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఉండేది పెరంబూర్, సొంతూరు గూడూరు. నాన్నగారి 1967 ఫియట్ 1100 డిలైట్ మా ఇంటి పక్క సందులో పదకొండేళ్లుగా గుడ్డ కప్పుకుని ఉంది. నాన్న పోయి కూడా పదకొండేళ్లే. ఈ వేసవిలో పట్టుబట్టి బండిని రోడ్డెక్కించాను. కార్బొరేటర్, బ్రేకులు, వైరింగ్ అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది డాష్‌బోర్డులోని రేడియో.

మీడియం వేవ్ ఒక్కటే ఉన్న ట్రాన్సిస్టర్ సెట్టు. రెండు నాబ్‌లు, మధ్యలో డయల్, కింద అయిదు బటన్లు. చిన్నప్పుడు గూడూరు నుంచి రాత్రిపూట తిరిగొస్తుంటే సూళ్లూరుపేట దాటేదాకా నాన్న విజయవాడ పెట్టేవారు, ఆ తర్వాత మద్రాసు. డయల్‌లోంచి వచ్చే పసుపు వెలుతురు ఆయన చేతి గడియారం మీద పడేది. వెనక సీట్లో పడుకుని ఆ వెలుతురు చూస్తూ నిద్రపోయేవాణ్ణి.

ఒక కారు స్టీరియో షాపుకి తీసుకెళ్తే, "లోపలిదంతా తీసి పడేసి బ్లూటూత్ బోర్డు పెడతా, పైకి పాతదానిలాగే ఉంటుంది, రెండు గంటల పని" అన్నారు. మనసొప్పలేదు. సెట్టు విప్పి ఇంట్లో బల్ల మీద పెట్టి 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చాను. డయల్ బల్బు వెలిగింది. స్పీకర్ ఒక్కసారి టప్పుమంది. తర్వాత సన్నగా సుయ్‌మని శబ్దం, అంతే. డయల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా ఒక్క స్టేషనూ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? సోల్డరింగ్ ఓ మాదిరిగా వచ్చు.

పాత మెకానిక్ | శనివారం, రాత్రి 10.25

బాబూ, ముందు బ్యాటరీ తీసెయ్. చెప్పేదాకా మళ్లీ ఇవ్వకు.

నేను 1969లో జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు రేడియోల పనికి చేరాను. అప్పటి నుంచి చేతిలోకి వచ్చిన ప్రతి సెట్టుకీ మొదట చూసేవి ఎర్తు, ఫ్యూజు, స్పీకరు. నీ ఫియట్‌కి నెగెటివ్ ఎర్తు, అంటే బ్యాటరీ మైనస్ బండి బాడీకి కలిసి ఉంటుంది. కానీ ఆ కాలంలో బ్రిటిష్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్తు ఉండేది. అందుకని సెట్టు వెనక ఒక చిన్న ప్లగ్గు గానీ పలక గానీ ఇచ్చేవాళ్లు, బండిని బట్టి తిప్పి పెట్టుకోవడానికి. అది ఎటు ఉందో చూడు. జర్మేనియం ట్రాన్సిస్టర్లకి కరెంటు తిరగబడితే క్షణంలో పోతాయి.

తర్వాత ఫ్యూజు హోల్డరు విప్పి ఏముందో చెప్పు. స్పీకరు తీసేసి సెట్టు ఎప్పుడూ ఆన్ చేయకు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి బరువు లేకపోతే అందులో లేచే వోల్టేజీ పెద్ద ట్రాన్సిస్టర్‌ని తినేస్తుంది.

ఇక బ్యాటరీ ఇచ్చేటప్పుడు నేరుగా ఇవ్వకు. బ్రేకు లైటులో వేసే 21 వాట్ల బల్బుని మధ్యలో వరసగా కలుపు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. మసగ్గా వెలిగితే భయం లేదు.

పెరంబూర్ ఫియట్ | ఆదివారం, ఉదయం 8.15

మాస్టారూ, వెనక పలక నెగెటివ్ వైపే ఉంది. ఫ్యూజు హోల్డరు విప్పితే గుండె ఝల్లుమంది. ఫ్యూజు లేదు! సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి దూర్చారు. ఎవరు చేశారో, ఎన్నేళ్ల నుంచి అలా ఉందో తెలియదు. నిన్న నేను నేరుగా బ్యాటరీ ఇచ్చింది దాని మీదే.

2 ఆంపియర్ల ఫ్యూజు వేసి, మధ్యలో బల్బు పెట్టి ఇచ్చాను. మసగ్గా వెలిగింది.

పాత మెకానిక్ | ఆదివారం, ఉదయం 8.50

అదృష్టవంతుడివి. ఇప్పుడు బల్బు తీసేసి, మీటరుని ఆంపియర్లలో పెట్టి కరెంటు చూడు. వెనక పెద్ద లోహపు ట్రాన్సిస్టర్ ఒక్కటే ఉంటే అది క్లాస్ ఏ. పాట ఉన్నా లేకపోయినా అర నుంచి ఒక ఆంపియర్ దాకా తాగుతూనే ఉంటుంది. అది గోరువెచ్చగా ఉండాలి, వేలు పెట్టలేనంత వేడెక్కితే ఆపేయాలి.

ట్రాన్సిస్టర్ల మీద రాసినవి చదివి చెప్పు.

పెరంబూర్ ఫియట్ | ఆదివారం, ఉదయం 10.05

డయల్ బల్బు పక్కన పెడితే 0.7 ఆంపియర్. పెద్దది ఏడీ 149. ముందు భాగంలో పొడవుగా చిన్న గొట్టాల్లాంటివి మూడు, వాటి మీద ఏఎఫ్ 117 అని ఉంది. ఒక్కోదానికి నాలుగు కాళ్లు.

టంకం | ఆదివారం, ఉదయం 10.20

నాలుగు కాళ్ల ఏఎఫ్ 117 అన్నారా! అయితే మీ జబ్బు తొంభై పాళ్లు అక్కడే ఉంది. నేను గిండీలో ఒక కంపెనీలో టెస్ట్ ఇంజినీర్‌ని. ఈ ట్రాన్సిస్టర్లతో నాలుగేళ్లుగా కుస్తీ పడుతున్నాను.

మూడు కాళ్లు మామూలువే, ఎమిటర్, బేస్, కలెక్టర్. నాలుగోది లోహపు డబ్బాకి కలిసి ఉంటుంది, షీల్డు కోసం. ఏఎఫ్ 114 నుంచి 117 దాకా ఈ రకం డబ్బాల లోపలి తగరపు పూత నుంచి, కాలం గడిచేకొద్దీ వెంట్రుకకన్నా సన్నటి తీగలు వాటంతట అవే మొలుస్తాయి. తగరపు మీసాలు అంటారు. అలా పెరిగి పెరిగి లోపలి కాలిని తాకితే ఆ కాలు ఎర్తుకి షార్ట్. వాడకుండా అటక మీద పెట్టినా ఆ మీసాలు పెరుగుతూనే ఉంటాయి. అందుకే బాగా పాడుతుండగా దాచిపెట్టిన సెట్టు కూడా మూగగా బయటికొస్తుంది.

పరీక్ష తేలిక. బ్యాటరీ తీసేసి, ట్రాన్సిస్టర్ షీల్డు కాలిని బోర్డు నుంచి విడదీసి, ఆ కాలికీ మిగతా మూడింటికీ మధ్య ఓమ్స్ చూడండి. మంచిదైతే ఏమీ చూపించదు. కొన్ని ఓమ్‌లే చూపిస్తే లోపల మీసం తగిలినట్టు.

పెరంబూర్ ఫియట్ | ఆదివారం, మధ్యాహ్నం 1.30

టంకం గారూ, మూడింట్లో రెండు షార్ట్! ఒకదానికి షీల్డుకీ కలెక్టర్‌కీ మధ్య 6 ఓమ్‌లు, ఇంకోదానికి షీల్డుకీ బేస్‌కీ మధ్య 11. మూడోది బాగుంది. కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? రిచీ స్ట్రీట్‌కి వెళ్లనా?

టంకం | ఆదివారం, మధ్యాహ్నం 1.45

ఆగండి, కొనక్కర్లేదు. ఒక్కోదాంట్లో ఒక్క కాలే డబ్బాకి తగిలింది కాబట్టి షీల్డు కాలిని కత్తిరించేయండి చాలు. మీసం తగిలే ఉంటుంది, కానీ డబ్బాకి ఎర్తుతో సంబంధం తెగిపోతుంది, ట్రాన్సిస్టర్ తన పని తాను చేసుకుంటుంది. మీడియం వేవ్‌లో షీల్డు లేకపోయినా పెద్ద తేడా తెలియదు. డబ్బా మాత్రం పక్కనున్న దేనికీ తగలకుండా పైన చిన్న స్లీవ్ వేయండి.

రెండు కాళ్లకి మీసాలు తగిలితేనే మార్చాలి. అప్పుడు ఏఎఫ్ 127 చూసుకోవాలి. అది అదే పనికి తర్వాత వచ్చిన రకం.

కొందరు చార్జ్ చేసిన కండెన్సర్‌ని తాకించి మీసాన్ని కాల్చేస్తారు. పని చేస్తుంది కానీ మళ్లీ మొలుస్తుంది.

పాత మెకానిక్ | ఆదివారం, మధ్యాహ్నం 2.10

అమ్మాయి చెప్పిందే చెయ్. మా రోజుల్లో ఈ సంగతి తెలియక ఏఎఫ్ 117 అనుమానం వస్తే పీకి కొత్తది వేసేవాళ్లం. డబ్బాని వేలితో కొడితే ఒక్కోసారి పాట తిరిగొచ్చేది. ఎందుకొస్తోందో అర్థమయ్యేది కాదు, ఇప్పుడు తెలుస్తోంది.

పెరంబూర్ ఫియట్ | ఆదివారం, సాయంత్రం 6.50

వచ్చింది! 720 దగ్గర చెన్నై వచ్చింది!

షీల్డు కాళ్లు రెండూ కత్తిరించి, కిటికీలోంచి మూడు మీటర్ల వైరు బయటికి వేలాడేసి ఆన్ చేశాను. అమ్మ వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయింది. తమిళ వార్తలు. మేమిద్దరం వార్తలన్నీ అయ్యేదాకా కదల్లేదు.

అయితే వాల్యూమ్ పెంచితే బుడబుడమని పడవ మోటారులా కొట్టుకుంటోంది. డయల్ పైకి వెళ్లేకొద్దీ స్టేషన్లు పలచబడుతున్నాయి.

పాత మెకానిక్ | ఆదివారం, రాత్రి 7.30

సంతోషం బాబూ. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

బుడబుడకి కారణం ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు. అవి బాగుంటే ఔట్‌పుట్ లాగే కరెంటు ఊగిసలాట ముందు దశలకి చేరదు. ఎండిపోతే చేరుతుంది, సెట్టు తన మాటకి తానే ఊగుతుంది. యాభై ఏళ్లు దాటిన వాటిని పరీక్షిస్తూ కూర్చోవద్దు, అన్నీ మార్చెయ్. రిచీ స్ట్రీట్‌లో పొద్దున్నే వెళితే అరగంట పని.

ఒక్క జాగ్రత్త. ఇప్పటి వాళ్లకి మైనస్ అంటే ఎర్తు అని అలవాటు. పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు వాడిన ఇలాంటి సెట్లలో చాలావాటికి ఎర్తు లైను ప్లస్. పాత కండెన్సర్ ప్లస్ ఎటు ఉందో కాగితం మీద బొమ్మ వేసుకుని, ఒకటి తీసి ఒకటి పెట్టు. అన్నీ ఒకేసారి పీకకు.

ఇంకొకటి. కాయిళ్ల డబ్బాల మీద స్క్రూలు కనిపిస్తాయి, తిప్పాలనిపిస్తుంది. తిప్పకు. లోపలి కోరు పెళుసుగా ఉంటుంది, విరిగితే దాన్ని బాగుచేయడం మహా కష్టం. అక్కడ ఫ్యాక్టరీలో పెట్టినది ఇంకా అలాగే ఉంది. దాన్ని గౌరవించు.

ఓఎంఆర్ డ్రైవ్ | ఆదివారం, రాత్రి 9.05

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోకండి. నాకూ పాత బండ్లంటే ప్రాణం, ఇంట్లో 1978 పద్మిని ఉంది. నేను మాత్రం రేడియో లోపలిదంతా తీయించి బ్లూటూత్ పెట్టించాను. రోజూ వింటున్నాను. మీడియం వేవ్‌లో ఈ రోజుల్లో వినేదేముంది? ఇంటి చుట్టూ ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్ల గోల. ఇంత కష్టపడి బాగుచేసి చివరికి గరగర వినాలా? వాడుకలో ఉంటేనే కదా ఆ వస్తువు బతికినట్టు?

పాత మెకానిక్ | ఆదివారం, రాత్రి 10.00

నీ ప్రశ్న న్యాయమైనదే తమ్ముడూ, మనసులో ఉన్నది చెబుతాను.

నీ బండిలో ఇప్పుడున్నది రేడియో ముఖం. రేడియో లేదు. దాని లోపల ఎవరో మనిషి కూర్చుని రాగి తీగ చుట్టాడు, ఇంకొకరు మీటరు ముందు పెట్టుకుని ఒక్కో కాయిల్ సరిచేసి పైన మైనం చుక్క వేశారు. కారు అదురుతుందని, ఇంట్లో సెట్లలోలాగా తిరిగే రేకుల కండెన్సర్ పెట్టకుండా, కాయిల్‌లోకి కోరు జారుతూ వెళ్లి వచ్చే ఏర్పాటు చేశారు. గుంతల రోడ్డు మీద స్టేషన్ జారిపోకూడదని అంత ఆలోచించారు. తీసి పారేసింది అదీ.

పారేసిన బోర్డు ఎక్కడుంది? షాపువాళ్లని అడిగి చూడు, ఉంటే తెచ్చి దాచుకో.

టంకం | ఆదివారం, రాత్రి 10.30

ఫోనులో పాటలు వినాలనుకోవడం తప్పేమీ కాదు. దానికోసం రేడియోని చంపక్కర్లేదు, అది నా బాధ. రెండు దారులున్నాయి.

ఒకటి, అతి తక్కువ శక్తి గల చిన్న ఏఎం మాడ్యులేటర్. ఫోను పాటని ఒక మీడియం వేవ్ స్టేషన్‌లా మార్చి, వైరుతో నేరుగా ఏరియల్ సాకెట్‌కి ఇస్తుంది. గాల్లోకి పంపకూడదు, వైరులోంచే వెళ్లాలి. డయల్ ముల్లుని ఆ స్టేషన్ మీద పెడితే పాట పాత సర్క్యూట్ మొత్తం దాటుకుని, పాత గొంతుతో వస్తుంది. సెట్టులో ఒక్క టంకం చుక్క కూడా ముట్టుకోనక్కర్లేదు. నాకు ఇదే ఇష్టం.

రెండోది, వాల్యూమ్ కంట్రోల్ పై కాలికి కండెన్సర్ ద్వారా ఫోను శబ్దం ఇవ్వడం. రెండు చానెళ్లనీ రెండు రెసిస్టర్లతో కలపాలి. ఇక్కడ మాస్టారు చెప్పిన ప్లస్ ఎర్తు సంగతి ప్రాణాంతకం. సెట్టు లోపలి ఎర్తు లైను ప్లస్ అయి, ఫోను అదే బండి బ్యాటరీ నుంచి చార్జ్ అవుతుంటే, ఆడియో వైరు ఎర్తు ద్వారా నేరుగా షార్ట్ అవుతుంది. వైరు కాలుతుంది, ఫోనూ పోతుంది. మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా ఈ పని చేయకండి.

ఓఎంఆర్ డ్రైవ్ | సోమవారం, ఉదయం 9.15

ఈ మాడ్యులేటర్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే బోర్డు తీయనిచ్చేవాణ్ణి కాదు. ఇవాళే షాపుకి వెళ్లి అడుగుతాను.

జయనగర్ మైనర్ | సోమవారం, రాత్రి 8.40

బెంగళూరు నుంచి నమస్కారం. నాది 1954 మారిస్ మైనర్, పాజిటివ్ ఎర్తు, వాల్వుల సెట్టు. ట్రాన్సిస్టర్‌కి ముందుతరం కథ కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

వాల్వులకి 200 వోల్టుల పైన కావాలి కదా, 12 వోల్టుల నుంచి అది తీసేది వైబ్రేటర్. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద గుండ్రటి డబ్బా, లోపల ఉక్కు రేకు సెకనుకి వందసార్లు పైగా ఊగుతూ కరెంటుని అటూ ఇటూ తిప్పుతుంది. అలా ముక్కలైన కరెంటుని ట్రాన్స్‌ఫార్మర్ పెంచుతుంది. సెట్టు ఆన్ చేయగానే తుమ్మెద రొద, తర్వాత అర నిమిషానికి పాట. ఇప్పుడు రొద లేదు. ఎస్.పీ. రోడ్డు అంతా తిరిగాను, వైబ్రేటర్ పేరు చెబితే అర్థమయ్యేవాళ్లే కరువు.

పాత మెకానిక్ | సోమవారం, రాత్రి 9.30

ఒకప్పుడు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌లో పాత సెట్ల నుంచి తీసిన వైబ్రేటర్లు కుప్ప పోసి అమ్మేవాళ్లు. 1985లో అది కాలిపోయాక మళ్లీ అలాంటి చోటు నాకు కనిపించలేదు.

నీ వైబ్రేటర్ చచ్చిపోలేదు, నిద్రపోయి ఉంటుంది. ఊరికే ఉంటే కాంటాక్టుల మీద పొర కడుతుంది. డబ్బా అంచు జాగ్రత్తగా విప్పి, అతి సన్నటి ఎమరీ కాగితం ముక్క కాంటాక్టుల మధ్య పెట్టి రెండుసార్లు మెల్లగా లాగి, స్పిరిట్ తడిపిన కాగితంతో తుడువు. ఆ గ్యాపు మాత్రం వంచకు.

పెట్టి ఆన్ చేసే ముందు ఒక పని తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద వోల్టుల వైపు బఫర్ కండెన్సర్ ఉంటుంది. విలువ చిన్నదే, కానీ 1600 వోల్టులు తట్టుకునేది. పాతది కాగితపుది, లీకై ఉంటుంది. దాన్ని మార్చకుండా ఆన్ చేస్తే కొత్త వైబ్రేటర్ కూడా మాడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. అదే విలువది, 1600 వోల్టులకి తగ్గని ఫిల్మ్ కండెన్సర్ వెయ్యి. నేను చూసిన కాలిపోయిన వాల్వు సెట్లలో సగం ఈ ఒక్క కండెన్సర్ వల్లే.

జయనగర్ మైనర్ | బుధవారం, రాత్రి 10.10

బఫర్ మార్చాను, కాంటాక్టులు తుడిచాను. తుమ్మెద లేచింది మాస్టారూ. 612లో బెంగళూరు వస్తోంది. మా ఆవిడ వీడియో తీసింది. మీ పాదాలకి నమస్కారం.

పెరంబూర్ ఫియట్ | శుక్రవారం, రాత్రి 9.00

కండెన్సర్లన్నీ మార్చాను, బుడబుడ పోయింది. తీసినవి ఒక కవర్లో వేసి తేదీ రాసి దాచాను. సెట్టు బండిలో బిగించాను. డాష్‌బోర్డు అర శుభ్రం చేస్తుంటే నాన్న రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది, పోస్టాఫీసు ముద్రలతో. కారు రేడియోకి కూడా డబ్బు కట్టేవాళ్లన్న సంగతి మా పిల్లలకి చెబితే నమ్మలేదు.

కానీ ఇంజిన్ ఆన్ చేస్తే టకటకమని ఒకటే గోల. ఆక్సిలరేటర్ తొక్కితే దాంతోపాటు కూత కూడా పెరుగుతోంది. ఆపితే హాయిగా పాడుతోంది. ఏరియల్ వైరు చెడిపోతే టీవీ కేబుల్ వేశాను, అందువల్లనా?

టంకం | శుక్రవారం, రాత్రి 9.35

మూడు వేరు వేరు సంగతులు. టకటక ప్లగ్గుల నుంచి. ఇంజిన్ ఇగ్నిషన్ కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే మధ్య వైరులో సప్రెసర్ రెసిస్టర్ వేయండి, కాయిల్‌కి బ్యాటరీ వచ్చే వైపు నుంచి ఎర్తుకి 1 మైక్రోఫారడ్ కండెన్సర్ పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల వైపు పెట్టకూడదు, స్పార్క్ బలహీనపడుతుంది.

కూత డైనమోది. దాని పెద్ద టెర్మినల్ నుంచి బాడీకి ఇంకో కండెన్సర్. ఫీల్డ్ టెర్మినల్‌కి మాత్రం పెట్టొద్దు, రెగ్యులేటర్ కాంటాక్టులు కాలిపోతాయి.

ఏరియల్‌కి టీవీ కేబుల్ తీసేయండి. మీడియం వేవ్‌లో కారు ఏరియల్ చాలా చిన్నది, దాని నుంచి వచ్చేది వైరు కెపాసిటెన్స్‌లోనే మింగుడుపడిపోతుంది. కారు ఏరియల్ వైరు లోపల సన్నటి తీగ, చుట్టూ ఎక్కువ గాలి, అందుకే కెపాసిటెన్స్ తక్కువ. పుదుపేటలో పాత ఏరియల్ వైరుతో సహా దొరుకుతుంది. మడ్‌గార్డు దగ్గర తుప్పు గీకి ఏరియల్ మొదలు బాడీకి గట్టిగా తగిలేలా బిగించండి.

చివరికి, ఏరియల్ సాకెట్ పక్కన చిన్న కన్నంలో ట్రిమ్మర్ స్క్రూ ఉంటుంది. తిప్పదగిన స్క్రూ అదొక్కటే. డయల్ పై చివర, 1400 దగ్గర ఏదైనా బలహీనమైన స్టేషన్ పెట్టి, శబ్దం ఎక్కువయ్యేదాకా తిప్పండి. మీకు పై భాగంలో స్టేషన్లు పలచబడింది ఇందుకే కావచ్చు.

ఓఎంఆర్ డ్రైవ్ | శనివారం, మధ్యాహ్నం 12.20

షాపులో నా బోర్డు దొరికింది! అట్టపెట్టెలో మిగతా వాటితో పాటు ఉంది. రెండు వైర్లు తెగాయి, కాయిళ్లు బాగున్నాయి. మాస్టారూ, మీకు ఫొటోలు పంపుతున్నాను.

పెరంబూర్ ఫియట్ | సోమవారం, ఉదయం 7.10

నిన్న రాత్రి అమ్మని ఎక్కించుకుని గూడూరు వెళ్లాను. కండెన్సర్లు, సప్రెసర్, పాత ఏరియల్ అన్నీ అయ్యాయి. ఇంజిన్ గోల తొంభై పాళ్లు పోయింది, ట్రిమ్మర్‌తో పై భాగం కూడా నిండింది.

తడ దాటాక బటన్లు ఒక్కోటి నొక్కి చూస్తున్నాను. మొదటిది నొక్కితే ముల్లు టక్కున జరిగి 720 మీద ఆగింది. రెండోది, మూడోది ఎక్కడో మధ్యలో, ఏమీ లేదు. నాలుగోది నొక్కితే 837 దగ్గర ఆగింది. విజయవాడ. తెలుగు. కొంచెం ఎక్కువ తక్కువలవుతూ, మళ్లీ తేరుకుంటూ. అమ్మ నా వైపు చూడలేదు, డయల్ వైపే చూస్తోంది. "అది మీ నాన్న పెట్టింది" అంది.

మాస్టారూ, ఇన్నేళ్లు బ్యాటరీ లేకుండా ఆ బటన్‌కి ఎలా గుర్తుంది?

పాత మెకానిక్ | సోమవారం, ఉదయం 7.45

అందులో కరెంటు పని లేదు బాబూ, అంతా ఇనుము. బటన్ బయటికి లాగి, స్టేషన్ పెట్టి, మళ్లీ గట్టిగా లోపలికి నొక్కితే లోపలి పలక ఆ స్థానంలో బిగుసుకుంటుంది. తర్వాత ఎప్పుడు నొక్కినా ఆ పలక కోరుని అక్కడికే నెడుతుంది. మళ్లీ ఎవరూ లాగనంత కాలం అది కదలదు. మీ నాన్నగారి వేలు ఎంత గట్టిగా నొక్కిందో అంత గట్టిగా ఉంది.

రెండు, మూడు, అయిదు నీకు కావలసినవి పెట్టుకో. బండి సర్వీసుకి ఇచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త, కుర్రాళ్లు ఊరికే లాగి చూస్తారు.

పెరంబూర్ ఫియట్ | సోమవారం, రాత్రి 8.20

నాలుగో బటన్ కింద చిన్న తెల్ల టేపు ముక్క అంటించాం. 'లాగవద్దు' అని అమ్మ తెలుగులో రాసింది. దాని కింద నేను తమిళంలో రాశాను.